అక్క పెట్టిపోయిన గుత్తులు

అక్క పోయాక మొదటిసారి కత్తెర పట్టుకుని తోటలో అడుగుపెట్టినప్పుడు నాకు ముందుగా కనిపించినవి ఆమె చీరలు. నిండు చీరలు కావు, పేలికలు. పాత చీరలను వేలెడు వెడల్పున చింపి, ద్రాక్ష కొమ్మలను పందిరి ఇనుప తీగలకు వాటితోనే కట్టేది. సుతిలి దగ్గరికి రానిచ్చేది కాదు. సుతిలి కొమ్మ మెడను కోస్తుందని ఆమె వాదన. వానలు వెళ్లి ఎండ కాస్తున్న ఆ అక్టోబరు పొద్దున, పందిరి కింద ఆ పేలికలన్నీ గాలికి మెల్లగా కదులుతున్నాయి. ఒక్కో చీర నాకు తెలుసు. ఆకుపచ్చది మా బాపు పెట్టిన ఆఖరి చీర. పసుపుది నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో నేను కొన్నది. రంగు బాగాలేదని ముఖం మీదే చెప్పి, ఆ తర్వాత ప్రతి పండక్కీ అదే కట్టుకుంది. గళ్ళది నేను ఏ పూట వెళ్లినా పొయ్యి దగ్గర ఆమె ఒంటి మీద ఉండేది. ఆమె లేదు కానీ ఆమె కట్టుబట్టలన్నీ నా తల మీద ఉన్నాయి. కత్తెర సంచి కింద పెట్టి కాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

మాది తొర్రూరు దగ్గర పల్లె. ఇంటి వెనుక బావి మీద ఒకే ఒక నల్లద్రాక్ష తీగ ఉండేది. అక్క పెళ్లై జనగామ దగ్గరి ఊరికి పోయేటప్పుడు, పెట్టెతో పాటు ఆ తీగ కొమ్మలు నాలుగు తడిగుడ్డలో చుట్టి పట్టుకుపోయింది. ఆడబిడ్డ పుట్టింటి నుంచి బంగారం తెస్తుంది గానీ కట్టెపుల్లలు తెస్తుందా అని అటువైపు వాళ్లు నవ్వారట. ఆ కట్టెపుల్లలే తోటయ్యాయి. రాతి కడీలు పాతించి, పైన తీగలు అల్లించి, బావ ఆమె చెప్పినట్టల్లా చేశాడు. వాళ్లకు పిల్లలు లేరు. తోట పని అక్కది, బయటి పని బావది. నేను భూపాలపల్లి దగ్గర, చెల్పూరు కరెంటు ప్లాంటులో పనిచేస్తూ, కత్తిరింపుకూ కోతకూ సెలవు పెట్టి వచ్చేవాణ్ని. నా చేతికి కత్తెర పట్టడం నేర్పింది అక్కే. తిట్టి నేర్పింది.

మా రెండు ఇళ్లూ గుడికి కాక చర్చికి పోయే ఇళ్లు. ఈస్టరు నాడు ఆ ఊరి సంఘంలో ప్రభువు బల్ల దగ్గర చిన్న గిన్నెల్లో పోసే ద్రాక్షరసం అక్క చేసినదే. నిజానికది పులియబెట్టిన రసం. వైన్ అంటే పాస్టరయ్య ముఖం ముడుచుకునేవాడు, రసం అంటే ఇంకాస్త పోయమ్మా అనేవాడు. అందులో అక్క చక్కెర వేసేది కాదు. ఊళ్లో ఎవరు చేసినా జాడీలో చక్కెర గుమ్మరిస్తారు, ఈమె మాత్రం ఒక్క పలుకు వేయదు.

"తీపి చెట్టు మీదనే రావాలె తమ్మీ. జాడీల ఏసిన తీపి మొఖానికి రాసుకున్న పౌడరసొంటిది. జరసేపు ఉంటది, పోతది" అనేది.

కాబట్టి ఆమె పట్టుదలంతా చెట్టు మీదే. కొమ్మకు ఒక్క గుత్తి. రెండోది వస్తే, పిందె ఆవగింజంత ఉన్నప్పుడే తుంచి కింద పడేసేది. ముచ్చటగా ఉన్న గుత్తిని కూడా కనికరం లేకుండా తుంచేది. నేను అయ్యో అంటే, "ఆశ లావు, పీక సన్నం. ఇన్ని గుత్తులు పెట్టుకుని ఒక్కదానికన్న కడుపు నింపుతదా గిది?" అని చెట్టును తిట్టేది. గుత్తికి ఎదురుగా ఉన్న ఆకులు ఉంచి, పొద్దుటి ఎండ తగిలే వైపు నాలుగు ఆకులు తీసేది. కాయ రంగు తిరిగాక నీళ్లు బాగా తగ్గించేది. అప్పుడు కాయ చిన్నగానే ఉంటుంది కానీ లోపలి రసం చిక్కబడుతుంది. ఆమె రసం తాగితే గొంతులో ముందు తీపి, తర్వాత కొద్దిగా వగరు, ఆఖర్న ఎండలో తిరిగొచ్చినట్టు ఒక వెచ్చదనం. అది ఇంకెక్కడా నాకు దొరకలేదు.

ద్రాక్షకు మా దగ్గర ఏడాదిలో రెండుసార్లు కత్తెర పడుతుంది. ఎండాకాలం మొదట్లో కొమ్మలను మొదళ్ల దాకా కోసేస్తారు. ఆ తర్వాత వచ్చే కొత్త కొమ్మల కళ్లలో, అంటే చిగురు పుట్టే కణుపుల్లో, ఆ ఎండల్లోనే, పైకి ఏమీ తెలియకుండా వచ్చే కాపు తాలూకు గుత్తులు తయారవుతాయి. వానలు వెళ్లాక రెండో కత్తెర. కొన్ని కళ్లు ఉంచి కొమ్మ చివర కోస్తే, ఆ కన్ను పగిలి చిగురుతో పాటు గుత్తి బయటికి వస్తుంది. అంటే ఈ చలికాలం కాసే పండు నిన్నటి ఎండాకాలంలో ఎవరి చెయ్యి పడిందో ఆ చేతి పండు.

ఆ ఏప్రిల్లో చెయ్యి అక్కది. కత్తిరించింది, కొత్త కొమ్మలను పేలికలతో కట్టింది. శ్రావణంలో జ్వరమొచ్చింది. హన్మకొండ దవాఖానకు తీసుకుపోయారు. నేను చెల్పూరు నుంచి చేరేసరికి మాట లేదు. పందిరి చివర, బోరు పక్కన సమాధి చేశాం. ఆమె అక్కడ మట్టిలో ఉంది, ఆమె కత్తిరించిన కొమ్మల కళ్లలో గుత్తులు మడతపెట్టుకుని ఉన్నాయి. ఆ సంగతి తెలుసు కాబట్టే ఆ పొద్దున నాకు భయం వేసింది. కత్తెర పట్టుకుని ఒక్కో కన్ను మీద బొటనవేలు పెట్టి తడుముతుంటే, మూసిన కనురెప్పను తాకినట్టుండేది.

బావ తోటలోకి రాలేదు. గట్టు మీద నిలబడ్డాడు. బావ మామూలుగా మాట్లాడే మనిషే. ఆ రెండు నెలల్లో మాటలు తగ్గి, గడ్డం పెరిగింది.

"నువ్వే కొయ్యి బామ్మర్దీ. నాతోని కాదు. కోయకుంటే గుత్తి రాదు గద, కొయ్యి. ముళ్ళు మాత్రం ముట్టకు. ఆమె కట్టిన ముళ్ళు గట్లనే ఉండనియ్యి" అన్నాడు.

ముళ్ళు ముట్టకుండా చివర్లు కోసి వెళ్లాను.

డిసెంబరులో మళ్ళీ వచ్చేసరికి పందిరి నిండా గుత్తులు. ఎన్నడూ అంత కాపు చూడలేదు. ఒక్కో కొమ్మకు రెండేసి, మూడేసి. ఆకుల కన్నా గుత్తులే ఎక్కువ ఉన్నట్టనిపించింది. అక్క ఎండాకాలంలో చేసిన కత్తిరింపు అంత బాగా కుదిరింది. బావ ముఖంలో నెలల తర్వాత వెలుగు చూశాను. ఊళ్లోవాళ్లను పిలిచి చూపిస్తున్నాడు. "మీ అక్క పెట్టిపోయింది సూడు" అని నాకూ చూపించాడు, నాకు తెలియనట్టు.

నేను కత్తెర తీశాను.

"బావా, పలచన చెయ్యాలె. కొమ్మకు ఒకటుంచి మిగిలినయి తీసెయ్యాలె. ఇంకో వారం దాటితే కష్టం."

"ఏంది తీసేది?"

"ఏటేటా అక్క తీసేది గద."

"ఆమె పెట్టింది, ఆమె తీసింది. ఇప్పుడు పెట్టినామె లేదు. తీసెటానికి మనమెవలం?"

జవాబు లేనప్పుడే నాకు కోపం ఎక్కువ వస్తుంది. అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుందని పేరు. బావ అక్కడితో ఆగలేదు. వాళ్ల అవ్వ చెప్పేదట, పోయినవాళ్ల చేతి కాపును ఏడాది నిండేదాకా పిందెగా ఉన్నప్పుడు తెంపకూడదట, పండినంకే తెంపాలట. బైబిలు చేతికొచ్చి రెండు తరాలైనా పాత ఆచారాలు మా ఇళ్లలో చూరు పట్టుకునే ఉంటాయి.

"గిది యేసుప్రభువు చెప్పిండా?" అన్నాను.

"మా అవ్వ చెప్పింది" అన్నాడు బావ.

"పండితే గద బావా తెంపేది. ఇన్ని గుత్తులుంటే ఒక్కటి సుత పండది. పులుపే మిగుల్తది. ఈస్టరుకు అక్క రసం ఉండది. ఇగ మల్ల ఎన్నడూ ఉండది. ఇయ్యి ఆమె చేతి కాయల్ల ఆఖరియి. వచ్చేసారి కాసేయి నీయి, నాయి. తెలుస్తున్నదా?"

"ఉంటది."

"ఎట్ల ఉంటది?"

"ఆమె సూస్కుంటది."

పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఇంకాసేపు ఊది, అన్నం తినకుండా జనగామ వచ్చి బస్సెక్కాను. దారంతా నాలో నేను బావను తిడుతూనే ఉన్నాను. పరకాల దాటాక గానీ నాకు అర్థం కాలేదు, నేను తిడుతున్న మాటలన్నీ అక్క మాటలని. ఆమె యాసలో, ఆమె విరుపుతోనే తిడుతున్నాను. పక్క సీటాయన నా వైపు అదోలా చూశాడు. పెదాలు కదిలాయేమో.

చెల్పూరులో క్వార్టరు వంటింటి అలమారలో నిరుటి రసం సీసా ఒకటి ఉంది, అడుగున కొంచెం మిగిలింది. ఇంటికి రాగానే మూత తీసి వాసన చూశాను. తాగడానికి చెయ్యి రాలేదు. మా ఇంటామె వెనక నుంచి వచ్చి, "మీ అక్క వచ్చినట్టే ఉన్నది, మూత పెట్టు" అంది. భయపడి అన్నదో బాధపడి అన్నదో అడగలేదు. మూత పెట్టాను.

సంక్రాంతికి ముందు బావ ఫోన్ చేశాడు. కోతులు పడ్డాయట. మా వైపు కోతుల సంగతి కొత్త కాదు, ఇళ్ల పెంకులే ఉండనివ్వవు. బాట వైపు ఉన్న రెండు సాళ్లలో దూరి, పచ్చి గుత్తులు తెంపి, కొరికి, పులుపు తగిలి ఉమ్మి, ఇంకోటి తెంపి, ఆ సాళ్లను చెరిచి పోయాయి. కోతికి కొబ్బరికాయ దొరికితే ఇంకేం చేస్తుంది. బావ కర్ర పట్టుకుని ఉరికేలోగా సగానికి పైగా గుత్తులు నేల మీద ఉన్నాయి.

"అన్నీ ఏరిన. ఏరి ఆమె దగ్గర పెట్టిన" అన్నాడు. సమాధి మీద పెట్టాడని నాకు తెలియడానికి కాసేపు పట్టింది. నా కోపం అప్పుడు పోయింది. ఆ మనిషి పచ్చి ద్రాక్ష కాయలను తట్టలో మోసుకెళ్లి భార్య సమాధి మీద పోయడం కళ్ల ముందు కనిపించింది.

జనవరి ఆఖర్లో వెళ్లాను. ఆ రోజుకి కాయ రంగు తిరగాలి. ఆకుపచ్చ గుత్తిలో ముందు ఒక కాయ ఎర్రబడుతుంది, తర్వాత దాని పక్కది, అలా పాకి పాకి గుత్తంతా నల్లబడుతుంది. అక్క ఆ రోజుల్లో పందిరి కింద మెల్లగా మాట్లాడేది, పసిపిల్లలు పడుకున్న ఇంట్లో మాట్లాడినట్టు. నేను వెళ్లేసరికి పందిరంతా రాయిలా ఆకుపచ్చగా ఉంది. ఎక్కడో ఒక గుత్తిలో ఒక కాయ నల్లగా, దాని పక్కది పచ్చగా, ఇంకోటి గోధుమ రంగులో వడలిపోయి. నోట్లో వేసుకుంటే పళ్లు పులిశాయి. కొమ్మల చివర్లు బక్కచిక్కి, పాత ఆకులు పసుపు తిరిగాయి. దానికి తోడు బావ ప్రేమ కొద్దీ రోజూ పొద్దున, సాయంత్రం నీళ్లు వదులుతున్నాడు. చెట్టు ఎవరి కడుపూ నింపలేక అల్లాడిపోతోంది.

అంతకు ముందు వారమే పాస్టరయ్య వచ్చి, ఈసారికి రసం బయటి నుంచి తెప్పిద్దామా అని మెల్లగా అడిగాడట. "అవసరం లేదయ్యగారూ, ఆమెదే ఉంటది" అన్నాడట బావ. ఆ మాట నాతో చెబుతూ నా ముఖం వైపు చూడలేదు.

ఇద్దరం సాళ్ల వెంట నడిచాం. బాట వైపు సాళ్లకు వచ్చేసరికి నేను ఆగిపోయాను. కోతులు చెరిచిన సాళ్లు అవి. విరిగిన కొమ్మలు, చిరిగిన ఆకులు, ఊగుతున్న పేలికలు. కొమ్మకు ఒకటి, కొన్నింటికి అదీ లేదు. కానీ ఉన్న గుత్తులు నల్లగా మెరుస్తున్నాయి, మీద బూడిద రంగు పూతతో సహా. నేను ఒక కాయ తెంపి నోట్లో వేసుకుని ఇంకోటి బావకిచ్చాను. ఆయన నమిలాడు. దవడ కదలడం ఆగిపోయింది. కళ్లు ఆ గుత్తి మీదే ఉన్నాయి.

కోతులు చేసిన వ్యవసాయం మన వ్యవసాయం కన్నా బాగుందని ఒక మాట నాలుక చివరి దాకా వచ్చింది. కానీ బావ ముఖం చూస్తే ఎవరికీ ఆ మాట రాదు.

"ఆమె అచ్చింది" అన్నాడు.

"కోతులొచ్చినయి బావా."

"నేను తియ్యనియ్యలేదని ఆమె అచ్చింది."

గింజ ఉమ్మి ఇంట్లోకి వెళ్లిపోయాడు. నేను ఆయన అన్నదాన్ని నమ్మను. నేను యంత్రాల మధ్య పనిచేసే మనిషిని, గుత్తులు తగ్గితే మిగిలిన గుత్తికి తిండి దొరుకుతుంది, అంతే. అయినా పందిరి కింద ఒంటరిగా నిలబడి ఆ సాళ్లను చూస్తుంటే, కొమ్మకు ఒకటే మిగలడం చూస్తుంటే, వెనక్కి తిరిగి చూడాలంటే మెడ తిరగలేదు.

మరుసటి వారం సెలవు దొరికింది. ఊరి దగ్గర ఆటో దిగేసరికి పొద్దు గూకుతోంది. ఇంటికి తాళం. తోట వైపు నడిచాను. గట్టు ఎక్కకముందే వినిపించింది. కత్తెర చప్పుడు. అక్క కత్తెరకు ఒక లయ ఉండేది. టక్, టక్, తర్వాత కాస్త ఆగడం, గుత్తిని తిప్పి చూసుకోవడం, మళ్లీ ఒక టక్. ఊళ్లో ఎంత మంది కత్తిరిస్తున్నా ఆమె చప్పుడు నేను పోల్చుకోగలను. అదే చప్పుడు. రెండు టక్కులు, ఆగడం, ఒక టక్కు. గట్టు మీదున్న రాయి పట్టుకున్నాను. పిలిస్తే చప్పుడు ఆగిపోతుందేమోనని భయం, పిలవకపోతే అట్లాగే సాగుతుందేమోనని ఇంకో భయం. రెంటిలో ఏది కోరుకున్నానో నాకు ఇప్పటికీ తెలియదు.

పందిరి కింద బావ ఉన్నాడు. తల మీద తువ్వాల, చేతిలో అక్క కత్తెర. ఒక్కో గుత్తిని ఎడమ చేత్తో తిప్పి చూసి, కోసి, నేల మీద పడేస్తున్నాడు. ఆయన కాళ్ల చుట్టూ ఆకుపచ్చ గుత్తులు. ఇన్నేళ్లు గట్టు మీద కూర్చుని ఆమె చేసేది చూస్తూ విన్న లయ, తనకు తెలియకుండానే చేతికొచ్చింది. మెల్లగా మాట్లాడుతున్నాడు కూడా.

"గిది తీస్తున్న. కోపం చెయ్యకు. గిది సుత తీస్తున్న. మంచిగనే ఉన్నది, అయినా తీస్తున్న. నువ్వే గద చెప్పింది."

నేను చప్పుడు చేయకుండా వెళ్లి పక్క సాలులో కత్తెర పట్టుకున్నాను. చీకటి పడేదాకా ఇద్దరం కోశాం. మర్నాడు కూడా. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, గుత్తుల మీద పడిన ఆకులు తీశాం, నీళ్లు బంద్ చేశాం. పలచన చేయాల్సిన కాలం దాటి చాలా రోజులైంది. ఆ కొమ్మల సత్తువ అప్పటికే పంచుకున్నవాళ్లు పంచుకున్నారు. మిగిలినదాంతో పండాలి.

నేల మీద గుత్తులను బావ ఈసారి ఏరలేదు. తొక్కుకుంటూ నడిచాం. నడిచినప్పుడల్లా చిట్లి, పచ్చి వాసన వచ్చేది. ఆ వాసన నాకు అక్క పోయిన రోజును గుర్తు చేసింది, ఎందుకో తెలియదు. నేను చెట్టు చాటుకు వెళ్లి ఏడ్చాను. బావ వినే ఉంటాడు.

పండు మెల్లగా వచ్చింది. ఏటా కోసే రోజులు దాటిపోయాయి. మార్చి ఎండలు ముదిరాయి. కొన్ని కాయలు ఎండకు ముడుచుకున్నాయి. బావ రోజూ ఒక కాయ తిని నాకు ఫోన్ చేసేవాడు. "ఇంక జర" అనేవాడు. ఒకరోజు "చాలు" అన్నాడు.

ఇద్దరం కోసి, కడిగి, ఆరబెట్టి, తొడిమలు తీసి, అక్క జాడీలో చేతులతో పిసికాం. కోయగానే రసం కాదు, ఇల్లు అలకగానే పండగ కానట్టు. ఏటా కన్నా తీపి తక్కువ ఉందని పిసుకుతున్నప్పుడే తెలిసింది. వేళ్లకు జిగట అంటుకోలేదు. నేను చక్కెర డబ్బా వైపు చూశాను. బావ నా చూపు పట్టుకున్నాడు.

"ఎయ్యద్దు."

"జరంత బావా. తీపి సాలకుంటే చెడిపోతదేమో."

"పోతే పోనియ్యి. ఎయ్యద్దు. ఎట్ల వచ్చిందో గట్లనే ఉండనియ్యి."

మూతికి బట్ట కట్టాం. జాడీలో రసం పొంగి సన్నగా సుయ్యిమని మోగుతుంటే, ఆ గదిలో ఎవరో ఊపిరి తీస్తున్నట్టుండేది. బావ మంచం ఆ గదిలోకి జరుపుకున్నాడు. రోజూ పొద్దున గరిటెతో కలిపి, బట్ట మళ్లీ కట్టి, దాని పక్కనే టీ తాగేవాడు. నిద్ర పడుతోందా అని అడిగితే, చాలా రోజులకు పడుతున్నదన్నాడు.

ఈస్టరు నాడు నేను, మా ఇంటామె వెళ్లాం. అక్క ఎప్పుడూ కూర్చునే చోట, కిటికీ పక్కన చాప మీద, ఎవరూ కూర్చోలేదు. ఎవరూ చెప్పలేదు, అందరూ అట్లాగే వదిలారు. పాస్టరయ్య రొట్టె విరిచి, గిన్నెల పళ్లెం ఎత్తి ప్రార్థన చేశాడు. నా వంతు వచ్చింది. గిన్నె పెదాలకు తాకించాను.

ముందు తీపి ఉంది. ఉంది, కానీ పలచన. వెనక వగరు ఉంది. ఆ తర్వాత ఆ వెచ్చదనం రావాల్సిన చోట ఒక పచ్చి పులుపు. అక్క రసంలో ఎన్నడూ లేని పులుపు. డిసెంబరులో కోయాల్సిన గుత్తులను జనవరి దాటేదాకా వదిలిన పులుపు అది. ఎవరికీ తెలియకపోవచ్చు, మా ఇద్దరికీ తెలుసు. నేను బావ వైపు చూశాను. ఆయన గిన్నె పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. దగ్గరికి జరిగితే, నవ్వుతున్నాడు. కళ్ల నుంచి నీళ్లు కారుతూనే నవ్వుతున్నాడు.

"తిడ్తున్నది" అన్నాడు నా చెవిలో.

"ఎవలు?"

"మీ అక్క. జల్దీ తియ్యకుంటే ఏంది నీకు రోగం అని తిడ్తున్నది."

నాకూ వినిపించింది. ఆమె గొంతుతో, ఆ విరుపుతోనే.

పండగ వెళ్లాక ఎండాకాలపు కత్తెర. కొమ్మలను మొదళ్ల దాకా కోసేయాలి. అక్క పెంచిన కొమ్మ ఒక్కటీ మిగలదు, ఆ కొమ్మలను పట్టుకున్న పేలికలూ ఊడిరావాలి. నేను మొదటి చెట్టు దగ్గర ముడి మీద కత్తెర పెట్టాను. బావ చెయ్యి అడ్డం పెట్టాడు.

"బట్టను కొయ్యకు. నేనే ఇప్పుత."

ఏడాది పాటు ఎండకు, వానకు బిగిసిన ముడి. గోళ్లతో గీకి ఇప్పబోయాడు. వేలు జారి పేలిక కొస తగిలింది. ఆ కొస పట్టి లాగాడో లేదో, ముడి మొత్తం సర్రున జారి, పేలిక ఆయన చేతిలోకి వచ్చింది. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. రెండోది లాగాడు. అదీ అంతే. మూడోది నేను లాగాను. ఆమె కట్టిన ముళ్ళన్నీ జారుముళ్ళే. గాలికి ఊడవు, గుత్తుల బరువుకు ఊడవు, కొస పట్టి లాగితే ఊడతాయి. ఇప్పేవాళ్లు కష్టపడకూడదని కట్టింది. కట్టే పనీ ఇప్పే పనీ ఎప్పుడూ ఆమెవే కాబట్టి మేం చూడనే లేదు.

"ఇన్ని రోజులు ముట్టనియ్యలేదు నేను" అన్నాడు బావ. "ఆమె ఇప్పుకోమనే కట్టింది."

ఆ తర్వాత ఆయనే ముందు నడిచాడు. కొస లాగడం, పేలిక భుజాన వేసుకోవడం. నేను వెనక కొమ్మలు కోస్తూ వచ్చాను. ఆకుపచ్చది, పసుపుది, గళ్ళది. మధ్యాహ్నానికి ఆయన భుజాల మీద అక్క చీరలన్నీ ఉన్నాయి. కొత్త కొమ్మలు వచ్చాక వీటితోనే కడదామన్నాడు. చాలా రోజులకు ఆయన గొంతులో హుషారు విన్నాను.

పందిరి చివర, సమాధి పక్కనున్న ఆఖరి చెట్టు దగ్గరికి వచ్చాం. దాని మీద ఒకే ఒక ముడి, గళ్ళ పేలికది. బావ కొస పట్టుకున్నాడు. పట్టుకుని ఆగాడు.

"బామ్మర్దీ, గీ ముడి ఎట్ల కట్టాల్నో నీకు ఎర్కేనా?"

నేను ముడి వైపు చూశాను. రెండు చుట్లు, లోపలి నుంచి ఒక మడత, ఆ మడత ఎటు నుంచి వచ్చిందో కనిపించదు. నాకు వచ్చింది మామూలు ముడి, కోస్తే గానీ ఊడదు. భుజాన ఉన్న పేలిక ఒకటి తీసుకుని ప్రయత్నించాను. ఒకసారి కట్టకముందే జారింది, ఇంకోసారి బిగుసుకుపోయింది. బావ ప్రయత్నించాడు. ఆయనకూ రాలేదు. తోటంతా ముళ్ళు ఇప్పుకుంటూ వచ్చాం, ఒక్కదాన్నైనా నిలబడి చూడలేదు. ఇది కూడా లాగితే ఆ ముడి ఈ భూమ్మీద ఇంక ఎక్కడా ఉండదు. ఎట్లా కట్టిందో తెలియాలంటే ఇప్పాలి, ఇప్పితే పోతుంది.

బావ చాలాసేపు ఆ కొస పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత మెల్లగా వదిలేశాడు.

ఆ కొమ్మను కోయలేదు. మొన్న వెళ్లినప్పుడు కూడా చూశాను. పక్క చెట్లన్నీ కొత్త కొమ్మలు వేసి, మా మొద్దు ముళ్ళతో తీగలకు బిగిసి ఉన్నాయి. అదొక్కటి ముదిరి, కట్టెలా బిగిసి, గళ్ళ పేలిక చుట్టుకుని తీగ మీద అట్లాగే ఉంది. దానికింక మంచి గుత్తి రాదు, వచ్చినా పండదు. అక్క ఉంటే ఇద్దరినీ తిట్టి, కత్తెర లాక్కుని తనే కోసేసేది.